జ్ఞానమునకు ధర్మకర్తలే గాని స్వాములు లేరు

ధర్మము తెలియని మానవుడు లేడు. తెలిసిన ధర్మమును మఱచిన మానవుడు మాత్రము ఎల్లయెడల కలడు. ఓర్పు మేలనియు, మేర నెఱుగుట వివేకమనియు, పరుల శ్రమను అంగీకరించుట సజ్జనలక్షణమనియు, కీర్తిసంపదలు నిలువవనియు బాల్యము నుండి విననివా రెవరు? విన్నది చెవియందే నిలిచి నడవడిలోనికి దిగకుండుటయే లోకమున కనర్థహేతు వైనది. కనుకనే హితము చెప్పువారు నూతనధర్మమును సృజింపరు. ఉన్న ధర్మమును స్మృతికి తెత్తురు. ఆ స్మరణమునకు పురాణపురుషుల చరితములే ఆధారములు కానక్కఱలేదు. కంటికి కానరాని ఒక అణువు యొక్క ఆకృతిని ఎఱుగుటకై ఏండ్లకేండ్లు వెచ్చించిన విజ్ఞానుల చరితమందును అదే ధర్మము, అదే నియమము, అదే అనిత్యత గోచరించును. ఎంజైము యొక్క రూపమును లోకమునకు మొట్టమొదట చూపిన డేవిడ్ ఫిలిప్స్ పరిశోధన అట్టి చరితము.

జీవదేహమందు అనుక్షణము అసంఖ్యాకములైన రసాయనచర్యలు జరుగుచున్నవి. వానిని త్వరపఱచు ప్రోటీనులకు ఎంజైములని పేరు. జన్యుపదార్థమున కవసరమైన ఘటకములను నిర్మించు మార్గమందలి ఒక చర్యను అన్నా రాడ్జికా, రిచర్డ్ వుల్ఫెండెన్ అను శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ చర్యకు లోనగు పదార్థమును ఎంజైము తోడులేక నీటియందు విడిచినచో అందు సగము మాఱుటకు 7.8 కోట్ల సంవత్సరములు పట్టునని 1995లో అంచనా వేసిరి. అదే మార్పు ఎంజైము సన్నిధిని సెకనులో అల్పభాగమున ముగియుచున్నది. ఇంతటి బలము కలిగియు ఎంజైము రెండు మర్యాదలను మీఱదు. చర్య తుదకు చేరవలసిన సమతాస్థితిని అది అణుమాత్రమును మార్పజాలదు. ఆ స్థితి చేరు వేళను మాత్రమే దగ్గఱ చేయును. కార్యము ముగిసిన పిదప అది పూర్వరూపమును పొంది మఱియొక కార్యమునకు సిద్ధమగును. ఫలమునుండి తన కొఱకు ఏ భాగమును నిలుపుకొనదు.

అణువునకు చిత్తము లేదు, సంకల్పము లేదు. కావున దీనిని అణువు యొక్క సుగుణముగా కొనియాడుట తగదు. అయినను చిత్తమును సంకల్పమును కలిగిన మానవుడు, ఇంచుక బలము చేతికి చిక్కినంతనే సృష్టినియమమును తనకు లోబఱచుకొన నెంచుటయు, ఇంచుక కార్యము నెరవేర్చినంతనే ఫలమంతయు తనదేయని చాటుకొనుటయు తలపునకు వచ్చినప్పుడు, ప్రకృతి ఎంతటి శక్తిని ఎంతటి మేరలో ఉంచినదో గమనింపక తప్పదు. మేరలేని బలమునకు లోకమున తావు లేదు. మేర నెఱిగిన బలమే దీర్ఘకాలము పనికివచ్చును.

ఎంజైము అనునది ప్రోటీనేయని పండితలోకము ఒప్పుకొనుటకే బహుకాలము పట్టెను. అమెరికాయందలి కార్నెల్ విశ్వవిద్యాలయమున జేమ్స్ సమ్నర్ అను రసాయనజ్ఞుడు 1917లో చిక్కుడుజాతికి చెందిన ఒక గింజనుండి యూరియేజు అను ఎంజైమును శుద్ధిచేయ మొదలిడి, 1926లో గాని దానిని స్ఫటికరూపమున సాధింపలేదు. పదునేడవయేట వేటలో జరిగిన ప్రమాదమున ఎడమచేయి పోగొట్టుకొన్నవాడాయన. ఎడమచేతివాటముతో పుట్టినవా డగుటచే, కుడిచేతితో బ్రదుకుట క్రొత్తగా అభ్యసింపవలసి వచ్చెను. రిచర్డ్ విల్‌స్టాటర్ వంటి విఖ్యాత పండితులు ఎంజైములు ప్రోటీనులు కావను మతమునందుండిరి. సమ్నర్ వాగ్వాదముచేత గాక, మఱల మఱల అదే ఫలితమును చూపుటచేత నిలిచెను. 1930లో జాన్ నార్త్రప్ పెప్సినును స్ఫటికరూపమున సాధించుటతో సందేహము సడలినది. 1946లో నోబెల్ బహుమానము లభించునప్పటికి సమ్నర్ స్ఫటికములకు ఇరువదేండ్లు నిండినవి. సత్యమునకు తొందర లేదు, తొందరపడువాడు మానవుడే.

స్ఫటికము లభించినను, దానిలోని అణువు రూపము తెలియుట వేఱొక తపస్సు. ఎక్స్‌కిరణములను స్ఫటికముపై ప్రసరింపజేసినచో అవి చెదరి ఫలకముపై చుక్కల సముదాయముగా పడును. ఆ చుక్కల తీవ్రతలనుండి లోపలి పరమాణువుల స్థానములను గణింపవలయును. ప్రోటీను స్ఫటికములను ఎండబెట్టి చూచినవారికి స్పష్టమైన చుక్కలు కానరాలేదు. 1934లో కేంబ్రిడ్జియందు జాన్ బెర్నాల్, డోరతీ క్రోఫుట్ పెప్సిను స్ఫటికమును అది పుట్టిన ద్రవమునందే తడిగా ఉంచి చూడగా చుక్కలు స్పష్టముగా వెలువడినవి. ఆ డోరతీయే పిమ్మట డోరతీ హాడ్జికిన్ అను పేర ప్రసిద్ధి కెక్కిన విదుషి. వస్తువును దాని స్వస్థానమునుండి పెఱికి చూచువానికి వస్తుతత్త్వము చిక్కదు. పరుల స్వభావమును విచారించు వేళ ఈ నీతిని మానవు లెంత తఱచుగా మఱచుచున్నారో చెప్ప పనిలేదు.

చుక్కలు దొరకినను చిక్కు తీరలేదు. ఫలకము కిరణముల తీవ్రతను తెలుపునే గాని, తరంగములు ఏ దశలో వచ్చి చేరినవో తెలుపదు. దశ తెలియక రూపము తెలియదు. స్ఫటికపు క్రమము చెడకుండ పాదరసము వంటి బరువైన పరమాణువులను ప్రోటీనునకు జోడించి, జోడింపకమునుపు, జోడించిన పిదప కలిగిన భేదమునుబట్టి దశను గ్రహింపవచ్చునని 1950ల నడుమ మాక్స్ పెరూట్జ్ నిరూపించెను. ఆ త్రోవననే ఆయనయు జాన్ కెండ్రూయు ప్రాణవాయువును మోయు ప్రోటీనుల ఆకృతులను వెలువరించిరి. అయినను ఎంజైము ఏ రీతిని పనిచేయునో చూచినవారు అప్పటికి లేరు. తాళమునకు తగిన తాళపుచెవి వలె పదార్థము ఎంజైమున ఇముడునని ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పిన మాట, డెబ్బదియేండ్ల పర్యంతము ఊహగానే నిలిచినది.

ఆ ఊహకు రూపమిచ్చిన పదార్థము లోకులు విలువలేనిదిగా ఎంచునది. జలుబుచేసిన ముక్కునుండి కారు ద్రవమునందు సూక్ష్మజీవులను కరగించు గుణమున్నదని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గమనించి 1922లో ప్రకటించెను. కన్నీటను, లాలాజలమునను, కోడిగ్రుడ్డు తెల్లసొనయందును అదియే కలదు. దానికి లైసోజైము అని పేరు పెట్టిరి. ఘోరవ్యాధులు కలిగించు సూక్ష్మజీవులలో పెక్కింటిపై అది పనిచేయకపోవుటచే వైద్యలోకము దానిని అంతగా ఆదరింపలేదు. కాని ఔషధముగా అల్పమైనదే జ్ఞానమునకు ద్వారమైనది. సులభముగా లభించుట, సులభముగా స్ఫటికమగుట, చిన్నదగుట అను మూడు గుణములచేత అది పరిశోధకుల కనుకూలించెను. అల్పమని త్రోసివేయబడినదానియందు ఏమి దాగియున్నదో త్రోసివేయువా డెఱుగడు. కావున దేనినిగాని, ఎవ్వరినిగాని అల్పమని నిర్ణయించుటకు ముందు నిలిచి ఆలోచించుట వివేకి కర్తవ్యము.

లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనున లారెన్స్ బ్రాగ్ అధ్యక్షతను ఈ కార్యము సాగెను. 1960 ప్రాంతమున రాబర్టో పోల్యాక్ దీనికి పూనుకొనెను. ఫిలిప్స్ దానిని నడపెను. ఫిలిప్స్ ఇంగ్లండునందలి ఎల్లిస్‌మియర్ అను చిన్న పట్టణమున 1924లో జన్మించినవాడు, దర్జీవృత్తి చేయుచు ధర్మోపదేశము చేయు గృహస్థుని కుమారుడు. 1962లో అణువు యొక్క స్థూలరేఖలు, 1965లో సూక్ష్మరూపము తేలినవి. సెంటీమీటరున పదికోట్లవ వంతును ఒక ఆంగ్‌స్ట్రామ్ అందురు. రెండు ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో 129 అమైనో ఆమ్లముల గొలుసు, దానిని నాలుగు చోట్ల బంధించిన గంధకపు సంధులు, నడుమ లోతైన చీలిక కానవచ్చినవి. పరమాణువుల మేరకు మానవుడు చూచిన మొదటి ఎంజైము ఇదియే. ఆ ఫలితమును ప్రకటించిన పత్రమున బ్లేక్, కోనిగ్, మెయిర్, నార్త్, ఫిలిప్స్, శర్మ అను ఆరు పేర్లు అక్షరక్రమమున ఉన్నవి; నాయకుని పేరు అందు అయిదవది. ఆఱవది భారతదేశపు పేరు.

చూచుట ఒక ఎత్తు, చూచినదాని అర్థము గ్రహించుట మఱియొక ఎత్తు. సూక్ష్మజీవి గోడయందలి చక్కెరల గొలుసును లైసోజైము త్రెంచును. ఎక్కడ త్రెంచుచున్నది, ఏ రీతిని త్రెంచుచున్నది? త్రెంచుట కన్న వేగముగా ఫోటో తీయు సాధనము నాడు లేదు. కావున ఫిలిప్స్ వద్ద విద్యార్థినిగా ఉండి, ఇరువదియైదేండ్లైనను నిండని లూయీజ్ జాన్సన్, ఎంజైమునకు అంటుకొని తెగక నిలుచు చిన్న చక్కెరఖండములను స్ఫటికమునకు జోడించి చూచెను. మూడు చక్కెరల ఖండము చీలికయందు సగమును మాత్రమే నింపి, తెగక నిలిచినది. తెగలేదు కనుక త్రెంపుచోటు అక్కడ ఉండదు. మిగిలిన సగమును నమూనానిర్మాణముచేత నింపిచూడగా ఆఱు చక్కెరలకు స్థానము కుదిరినది. నాలుగవ చక్కెర మాత్రము తన సహజరూపమును వంచుకొననిదే ఇముడదు. నాలుగవదానికిని అయిదవదానికిని నడుమ రెండు ఆమ్లభాగములు, ముప్పదియైదవ స్థానమున గ్లుటామిక్, ఏబదిరెండవ స్థానమున ఆస్పార్టిక్, ఇరువైపుల నిలిచియున్నవి. వంపుచేత బడలిన బంధము ఆ రెండింటి నడుమ తెగునని వారు నిర్ణయించిరి. లేనిదానినిబట్టి ఉన్నదానిని, జరుగనిదానినిబట్టి జరుగుదానిని గ్రహించిన ఈ విచారమున తొందరపాటు లేదు, ఆర్భాటము లేదు. ఒక్కొక్క మెట్టు క్రింది మెట్టుపై నిలిచినది.

అయినను ఇంతటి విచారమునకును తుదిమెఱుగు మిగిలియుండెను. బంధము తెగిన క్షణమున చక్కెర విద్యుదావేశముతో ఒంటిగా నిలుచుననియు, ఆస్పార్టిక్ దానికి దాపున ఉండి ఆదుకొనుననియు ఫిలిప్స్ తలచెను. అంతకు ముందే, 1953లో, ఇట్టి చర్యలందు ఎంజైమునకును చక్కెరకును నడుమ తాత్కాలికముగా గట్టిబంధము ఏర్పడునని డేనియల్ కోష్లాండ్ సూచించియుండెను. ఫిలిప్స్ మతమే చిరకాలము పాఠ్యగ్రంథములలో నిలిచినది. 2001లో స్టీఫెన్ విథర్స్, గిడియన్ డేవీస్, వారి సహచరులు ఆ తాత్కాలికబంధమును ప్రత్యక్షముగా చూపి, ఈ అంశమున కోష్లాండ్ సూచనయే సత్యమని నిర్ధారించిరి. ఫిలిప్స్ అప్పటికి రెండేండ్లకు పూర్వమే, 1999లో, లోకమును వీడెను. చీలిక అట్లే నిలిచినది. రెండు ఆమ్లముల ప్రాధాన్యము అట్లే నిలిచినది. వంగిన చక్కెర అట్లే నిలిచినది. ఒక వ్యాఖ్య మాత్రము మాఱినది.

మానవులారా, ఇందలి హితమును గ్రహింపుడు. చూచినది వేఱు, చూచినదానినుండి ఊహించినది వేఱు. ఈ రెండింటి నడుమ హద్దును చెరపువాడు తన్ను తాను వంచించుకొని, పిదప లోకమును వంచించును. చూచినదానిని నిష్కపటముగా, సంపూర్ణముగా, పరులు పరీక్షించుటకు వీలుగా నిలిపినవాని ఊహ తప్పినను అతని కృషి తప్పదు. ఆ తప్పును దిద్దువారు అతని పునాదిపై నిలిచియే దిద్దుదురు. తప్పు దిద్దబడుట అవమానము కాదు. దిద్దబడకుండ దాచుటయే అవమానము. రాజసభలందును, న్యాయస్థానములందును, కుటుంబములందును చూచినదానిని ఊహతో కలిపి వచించుటచేతనే కలహములలో అధికభాగము పుట్టుచున్నవి. ఇది ఎవ్వరికిని తెలియని విషయము కాదు.

లైసోజైము తెఱచిన త్రోవ విశాలమైనది. కొలదికాలమునకే ఆహారమందలి ప్రోటీనులను జీర్ణముచేయు కైమోట్రిప్సిను, కార్బాక్సిపెప్టిడేజు మొదలగువాని రూపములు వెల్లడియైనవి. ఎంజైము చీలికయొక్క ఆకారమెఱిగి దానికి సరిపడు అణువును నిర్మించినచో వ్యాధిని అడ్డుకొనవచ్చునను తలంపు పుట్టి ఫలించినది. ఎయిడ్స్ వైరసునకు ప్రాణాధారమైన ప్రోటియేజు అను ఎంజైము రూపము 1989లో తెలియగా, దానిని నిరోధించు తొలి ఔషధమునకు 1995లో అమెరికాయందు అనుమతి లభించినది. అంతకుముందు మరణశాసనముగా ఎంచబడిన వ్యాధి, ఇట్టి ఔషధముల కూర్పుచేత, అనేకులకు సహించి జీవింపదగిన వ్యాధియైనది.

తెలుగునేలతో ఈ విద్యకు గల ఒక బంధమును ఇచట స్మరించుట న్యాయము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాయందు లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించి, ఫోలిక్ ఆమ్లమునకు ప్రతిద్వంద్వములైన అమినోప్టెరిను, మెథోట్రెక్సేటు అను ఔషధముల సృష్టికి కారకుడాయెను. రక్తక్యాన్సరుతో మరణోన్ముఖులైన శిశువులలో కొందఱికి అమినోప్టెరిను తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించినదని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావు కన్నుమూసెను. మెథోట్రెక్సేటు ఏ ఎంజైమును పట్టి నిలుపుచున్నదో, ఆ ఎంజైమున అది ఇమిడియున్న రూపము 1977లో స్ఫటికశాస్త్రజ్ఞులకు కనబడినది. ఔషధమునిచ్చినవాడు ఆ దృశ్యమును చూడలేదు.  ఫలము తన కన్నులయెదుట పండవలెనను నియమము పెట్టుకొన్నచో ఏ మహాకార్యమును మొదలుకాదు.

జ్ఞానమును నిలుపుకొనుట కన్న పంచుట ధర్మమని ఈ విద్యావంతులు కార్యరూపమున చూపిరి. 1971లో ఏడు ప్రోటీనుల ఆకృతులతో ప్రోటీన్ డేటా బ్యాంక్ అను భాండాగారము వెలసినది. నేడు అందు రెండు లక్షలకు మించిన ఆకృతులు కలవు. ఏ దేశపు విద్యార్థియైనను వెల చెల్లింపక వానిని గైకొనవచ్చును. లూయీజ్ జాన్సన్ టామ్ బ్లండెల్‌తో కూడి 1976లో ప్రోటీను స్ఫటికశాస్త్రమునకు ఒక ప్రామాణికగ్రంథమును రచించి, తాము నేర్చినది పరులు నేర్చునట్లు చేసిరి. ఆ భాండాగారమందలి ఆకృతులను అభ్యసించియే ఆల్ఫాఫోల్డ్ అను గణకయంత్ర కార్యక్రమము 2020లో అమైనో ఆమ్లముల వరుసనుబట్టి రూపమును ఊహించుటయందు అపూర్వమైన నేర్పు చూపినది. 2024లో దాని నిర్మాతలకు నోబెల్ గౌరవము లభించినది. యంత్రము గణించిన ప్రతి రూపము వెనుక చీకటిగదిలో ఫలకములను కొలిచిన అనామకుల శ్రమ కలదు. పూర్వుల ఋణమును మఱచి, ఫలము తన బుద్ధిబలముచేతనే పుట్టినదని తలచువాడు, తన పిదప వచ్చువారు తన్ను మఱచుటకు తగినవాడగును.

ఇక అనిత్యతను తలంపుడు. జీవకోటిని నిలుపు ఎంజైములే నిలువవు. దేహమందలి ప్రోటీనులు నిరంతరము కూలుచు, నిరంతరము క్రొత్తవై పుట్టుచుండునని రుడాల్ఫ్ షూన్‌హైమర్ గుఱుతుపెట్టిన పరమాణువుల సాయముతో 1930లలోనే నిరూపించెను. కొన్ని ఎంజైముల ఆయువు దినములు. కొన్నింటిది గంటకైనను మించదు. పరిశోధకుడు చూచు స్ఫటికమును, చూపునకు తోడ్పడు ఎక్స్‌కిరణములే క్రమముగా చెఱచును. ఫిలిప్స్‌కు 1987లో డేవిడ్ బ్లోతో కూడ వుల్ఫ్ బహుమానము లభించినది, బ్రిటిషు పార్లమెంటునందలి ప్రభుసభయందు స్థానము లభించినది, నోబెల్ లభింపలేదు. లభించినవియు లభింపనిదియు నేడు ఆయనను తాకవు. లైసోజైము చీలికను చదువు విద్యార్థులలో ఆయన పేరు తెలిసినవారు కొందఱు, తెలియనివారు పెక్కుమంది. చీలిక మాత్రము అందఱికిని ఒకే రీతిని గోచరించును. దేహము నిలువదు, బిరుదు నిలువదు, వ్యాఖ్యయు నిలువదు. నిష్కపటముగా చూచి లోకమునకు ఒప్పగించినది మాత్రము బహుకాలము నిలుచును. అదియు శాశ్వతమని తలచుట తగదు. అంతకన్న నిర్మలమైన దర్శనము కలిగిననాడు దానికి త్రోవ నిచ్చుటయే దాని సార్థకత.

కావున ఓ జనులారా, మీకు లభించిన జ్ఞానమునకు మీరు స్వాములు కారు, ధర్మకర్తలు. పూర్వులనుండి చేతికందినదానిని పెంచి, దోషమున్నచో దిద్ది, రాబోవువారికి చెక్కుచెదరకుండ అప్పగించుట మీ విధి. ఆ అప్పగింత నడుమ దానిని అమ్ముకొనుటయు, దాచుకొనుటయు, దానితో బలహీనుల నణచుటయు విధిద్రోహము. వ్యాధినిరోధమునకు అక్కఱకువచ్చు విద్యయే విషనిర్మాణమునకును అక్కఱకువచ్చును. త్రోవలు రెండును తెఱచియున్నప్పుడు విద్య తనంతట దేనిని కోరదు, విద్యావంతుని శీలమే కోరును. శీలములేని నేర్పు ఎంత తీక్ష్ణమో అంత భయంకరము.

పని యందు ఓర్పును, మాట యందు మితమును, ఫలము యందు వైరాగ్యమును, పూర్వుల యెడ కృతజ్ఞతను, దిద్దువారి యెడ ప్రసన్నతను వహింపుడు. ఇవి ఎవ్వరును మీకు క్రొత్తగా ఇచ్చునవి కావు. తల్లిదండ్రుల నోటను, గురువుల నోటను విని, మనస్సునకు అంగీకారమైనవే. పరిశోధనశాలయందు గాని, పొలమునందు గాని, ఇంటియందు గాని నేడు మీ యెదుట నున్న కార్యమునకు వీనిని వర్తింపజేయుడు. చూడవలసినదానిని శ్రద్ధతో చూడుడు, చూచినంతమాత్రమే చెప్పుడు, చెప్పినది తప్పని తేలిన దినమున సంకోచింపక ఒప్పుకొనుడు. మనుష్యధర్మము ఇంతకన్న గూఢమైనది కాదు. దానిని ఆచరించుటకు ఇంతకన్న తగిన వేళ వేఱొకటి రాదు.